పసుపు బ్యాటరీ, నీలం మిషన్

ఇది ఒక వంశం రెండుగా చీలిన కథ. ఇందులో పంపకాలున్నాయి, ఆయుధాలున్నాయి, అన్నదమ్ముల పంతాలున్నాయి, కోరుట్ల నుంచి జగిత్యాల మీదుగా సిరిసిల్ల దాకా సాగిన ప్రయాణం ఉంది. చివర్లో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడే ఘట్టం కూడా ఉంది. తీరిగ్గా కూర్చుని చదవాల్సిన ఇతిహాసం.

అబద్ధం. ఇది సబ్బుపెట్టె అంత ఉండే ఒక నల్లటి ప్లాస్టిక్ ముక్క గురించి. దాన్ని అడాప్టర్ అంటారు. ఒక కంపెనీ బ్యాటరీతో ఇంకో కంపెనీ మిషన్ నడవాలంటే మధ్యలో పెట్టుకునేది. వంశం అని గొప్పగా అన్నాను గానీ, మాది కోరుట్లలో ఇద్దరు వడ్రంగుల ఇల్లు. ఆయుధాలంటే వైరు లేని డ్రిల్లు, చిన్న రంపం, స్క్రూలు బిగించే మిషన్, గ్రైండర్. ఎదురెదురుగా నిలబడింది కూడా ఒక పలకను చెరో వైపు పట్టుకోవడానికి.

అన్నా నేనూ కలిసి అల్మారాలు, వంటింటి డబ్బాలు, తలుపులు బిగించేవాళ్లం. అన్న కొలిచేవాడు, నేను పట్టుకునేవాణ్ని. అన్న పెద్దగా మాట్లాడడు. పెన్సిల్ చెవి మీద పెట్టుకున్నాడంటే కొలత కుదిరిందని, నోట్లో పెట్టుకున్నాడంటే కుదరలేదని అర్థం. ఇంటివాళ్లతో మాట్లాడే శాఖ నాది. "తలుపు ఎందుకు కిర్రుమంటోంది" అని వాళ్లడిగితే "కొత్త ఇల్లు కదా, బెరుకు" అని నేను చెప్పి నవ్విస్తూ ఉండగా, వెనకాల అన్న కీలు సరిచేసేసేవాడు. చాలా ఏళ్లు అలా గడిచింది. బాగానే గడిచింది.

మొదట కొన్నవి నీలం మిషన్లు. డ్రిల్లు, రంపం. తర్వాత జగిత్యాల దుకాణంలో నీలం రంగువి అయిపోయిన రోజున అన్న పసుపువి తెచ్చాడు. స్క్రూ మిషన్, గ్రైండర్. అందులో పెద్ద ఆలోచనేమీ లేదు, ఆ రోజు అవే ఉన్నాయి. ఇంటికొచ్చాక తెలిసింది, నీలం బ్యాటరీ పసుపు మిషన్‌లో కూర్చోదని, పసుపుది నీలంలో కూర్చోదని. లోపలుండే సెల్లులు దాదాపు ఒకటే. చేసే పనీ ఒకటే. కూర్చునే గాడి మాత్రం ఒకదానికొకటి పొసగకుండా చెక్కారు. ఇక్కడ అన్నదమ్ములతో ఒక పోలిక పెట్టవచ్చు. పెట్టను.

వదిన పుట్టినిల్లు జగిత్యాల. అక్కడ రోడ్డు మీద వదినవాళ్ల రేకుల షెడ్డు ఒకటి ఖాళీ అయింది. అన్న అక్కడ సొంతంగా పెట్టుకుందామనుకున్నాడు. తప్పేమీ లేదు. ఆ సంగతి నాకు మాత్రం చెప్పలేదు. పెగడపల్లిలో ఉండే మా మేనమామకు చెప్పాడు. మామ బస్సు దిగి, కాళ్లు కడుక్కుని, నా పక్కన కూర్చున్నాడు.

"మీ అన్న జగిత్యాల పోతడట. నీకెర్కేనా?"

"ఇప్పుడెర్కైంది మామా."

"నీతోని చెప్పలేదా?"

"చెప్పే ఉంటడు. మిషన్ సప్పుడుల ఇనవడలేదేమో."

అన్న గడప మీద కూర్చుని డ్రిల్లు బిట్లు తుడుస్తున్నాడు. తల ఎత్తలేదు. ఆ బిట్లు అంతకు ముందు ఎప్పుడూ తుడిచిన పాపాన పోలేదు మేము.

మామ మా ఊళ్లవైపు పేరున్న పంపకాల మనిషి. మేకలు పంచాడు, గొడ్లు పంచాడు, ఇద్దరు అన్నదమ్ములకు ఒకే బావి నీళ్లు వంతులేశాడు. ఆయన పద్ధతి ఒకటే. సామాన్లన్నీ రకాలవారీగా వరుస పెట్టాలి. మొదటి వరుసలో పెద్దోడు ముందు ఏరుకోవాలి, రెండో వరుసలో చిన్నోడు ముందు ఏరుకోవాలి. "రేపు ఎవ్వడు గూడ నాకు తక్కువ పడ్డది అనద్దు," అంటాడు. మేకల విషయంలో ఇది మచ్చలేని పద్ధతి. మేకలకు బ్యాటరీ ఉండదు.

వాకిట్లో చాప పరిచాం. మామ మిషన్లు ఒక వరుస పెట్టాడు, బ్యాటరీలు ఇంకో వరుస పెట్టాడు. ఆయన దృష్టిలో మేక వేరు, మేకను కట్టే తాడు వేరు. పక్కింటివాళ్లు గోడ మీంచి చూస్తున్నారు.

మొదటి వరుసలో అన్న పసుపు మిషన్లు తీసుకున్నాడు. కొత్తవి కదా, ఎవరైనా తీసుకుంటారు. నీలంవి నా వైపు వచ్చాయి.

"ఇగ నువ్వు తియ్యి," అన్నాడు మామ బ్యాటరీలు చూపించి.

నీలం బ్యాటరీలు తీసుకుంటే కథ అక్కడే అయిపోయేది. నీలానికి నీలం, పసుపుకు పసుపు. నాకు తెలుసు, అన్నకూ తెలుసు. నాకు కావలసింది ఒక్కటే. "తమ్మీ, నీలంయి తీస్కో" అని అన్న ఒక్క మాట అనాలి. షెడ్డు సంగతి చెప్పకపోతే చెప్పకపోయాడు, వేరుపడే సంగతి మామతో పంపితే పంపాడు. ఇదొక్కటి నాతో, నా మొహం చూసి అనాలి. నేను ఆయన వైపు చూశాను. ఆయన బ్యాటరీల వైపు చూశాడు. పెన్సిల్ నోట్లో ఉంది.

నేను పసుపు బ్యాటరీలు తీసుకున్నాను.

"మంచిగ తీసినవ్," అన్నాడు మామ. "కొత్తయి."

అన్న అప్పుడు తల ఎత్తి చూశాడు. ఏమన్నా అంటాడేమో అనుకున్నాను. నీలం బ్యాటరీలు తీసి సంచిలో వేసుకున్నాడు. ఛార్జర్లు ఏ బ్యాటరీవి ఆ బ్యాటరీ వెంట పోయాయి. ఆ ఒక్క దగ్గర మా అందరికీ ఎక్కడలేని తెలివి వచ్చింది.

మామ చాయ్ తాగి, తృప్తిగా మీసం తుడుచుకుని పెగడపల్లి బస్సెక్కాడు. న్యాయం జరిగింది. నీలం మిషన్లు, పసుపు బ్యాటరీలు కోరుట్లలో. పసుపు మిషన్లు, నీలం బ్యాటరీలు జగిత్యాలలో. ఎవరికీ తక్కువ పడలేదు. ఎవరి మిషనూ తిరగలేదు.

నాకు బెంగ లేదు. అన్న మాట్లాడకుండా ఎన్నాళ్లుంటాడు? అవసరం ఎవరినైనా మాట్లాడిస్తుంది అని నా నమ్మకం. స్క్రూ బిగించాల్సి వస్తుంది, బ్యాటరీ కావాలి, ఫోన్ చేస్తాడు. "తమ్మీ, ఒకసారి రా" అంటాడు. నేను కొంచెం సేపు ఎగతాళి చేసి, తర్వాత బండి తీస్తాను. అప్పటిదాకా దోస్తు దగ్గర వైరు డ్రిల్లు అడుక్కుని పని చేశాను. ఫోన్ మాత్రం జేబులో కాకుండా పలక మీద, కనపడేట్టు పెట్టుకునేవాణ్ని.

ఫోన్ వచ్చింది. వదిన చేసింది. చింతపండు డబ్బా కోరుట్లలోనే మరిచిపోయిందట, ఉందా అని.

"ఉన్నది వదినా. అన్న ఏడి?"

"పక్కనె ఉన్నడు."

"ఏం చేస్తుండు?"

"కూసున్నడు."

"ఫోనియ్యి మరి."

ఫోన్ చేతులు మారబోయినట్టు గరగరమంది. తర్వాత వదిన గొంతు కాస్త తగ్గించి, "పని మీదున్నడట," అంది.

కూర్చోవడం కూడా పనే. నేను కాదనను. చింతపండు డబ్బా అటు పోయే బస్సు కండక్టర్‌కిచ్చి పంపించాను.

దోస్తుకు వాడి డ్రిల్లు మీద ప్రేమ మళ్లీ పుట్టిన రోజున నేను జగిత్యాల వెళ్లాను. అన్న షెడ్డుకు కాదు. మేము ఎప్పుడూ మిషన్లు కొనే దుకాణానికి. దుకాణం భాయ్ మా ఇద్దర్నీ మొదటి డ్రిల్లు నాటి నుంచి ఎరుగును.

"భాయ్, పసుపు బ్యాటరీ నీలం మిషన్ల కూసుండాలె. ఏమన్న ఉన్నదా?"

ఆయన అరలోంచి నల్ల ముక్క తీసి కౌంటర్ మీద పెట్టాడు. "గిది ఉన్నది. ఇటు బ్యాటరీ పెట్టు, అటు మిషన్ పెట్టు. కహానీ ఖతం."

"మంచిగ నడుస్తదా?"

"నడుస్తది. గ్యారంటీ మాత్రం అడుగకు. కంపెనోడియ్యలె, నేనెట్లియ్యాలె?" తర్వాత ఆయనకు నవ్వొచ్చింది. "ఏంది భాయ్ మీ సంగతి? మొన్ననే మీ అన్నొచ్చిండు. దీనికి ఉల్టాది కొంటబోయిండు. నీలం బ్యాటరీకి పసుపు మిషన్."

"మొన్ననా?"

"అవ్, మొన్ననే. మీ ఇద్దరు బ్యాటరీలు బదలాయించుకుంటె అయిపోతుండె గద?"

"బదలాయించుకుంటె నీ దుకాణమెట్ల నడుస్తది భాయ్."

ఆయన ఇంకా నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వించేవాడు నవ్వకపోతే బాగుండదు. కానీ నవ్వుతూనే ఆ నల్ల ముక్కను చేతిలో అటూ ఇటూ తిప్పాను. నేను అవసరం మీద ఆశ పెట్టుకుని పలక మీద ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. అన్న అప్పటికే నా అవసరం లేకుండా చేసుకున్నాడు. వేరుపడ్డప్పుడు కూడా నాకంత చేదు అనిపించలేదు. వేరుపడటం మామ చేశాడు, షెడ్డు చేసింది, వదినవాళ్లు చేశారు అనుకోవచ్చు. ఇది మాత్రం అన్న ఒక్కడే, సొంతంగా, బండి మీద వచ్చి, చేసి పోయాడు.

నాదీ నేను కొనుక్కున్నాను. షెడ్డు ముందు నుంచే బస్సు పోయింది. షెడ్డు కనపడని వైపు కిటికీ దగ్గర కూర్చున్నాను.

అడాప్టర్ పని చేసింది, అదే దాంతో వచ్చిన చిక్కు. చేయకపోతే తిట్టుకుంటూ ఎవరో ఒకరం ఫోన్ చేసుకునేవాళ్లం. అది పెట్టాక డ్రిల్లు కింది భాగం పొడుగై, నెలలు నిండినట్టు కనిపించేది. బ్యాటరీ కొంచెం వదులుగా ఊగేది. అయినా రంధ్రం రంధ్రమే పడేది. రాయికల్‌లో ఒక ఇంటికి అల్మారా బిగించాను, ఒంటరిగా, ఒక చేత్తో పలక, ఒక చేత్తో డ్రిల్లు, మోకాలితో పలక కింది అంచు. ఇంటావిడ "ఇంకొకరు లేరా?" అని అడిగితే, "ఉన్నడు, అడాప్టర్ అంటరు" అని చెప్పాను.

ఆ తర్వాత పండుగ సెలవులు వచ్చాయి. సంచి అలాగే మూలకు పెట్టాను. తిరిగి తీస్తే ఒక బ్యాటరీ చచ్చిపోయి ఉంది. ఛార్జర్‌లో పెడితే ఎర్ర లైటు ఆగకుండా కొట్టుకుంటోంది. ఎండను తిట్టాను, పసుపు కంపెనీని తిట్టాను, వేరుపడకముందు దాన్ని వాడిన అన్న చేతిని తిట్టాను. ఇంకో బ్యాటరీ ఉంది కదా అని దాన్ని అడాప్టర్‌కు తగిలించుకున్నాను.

సిరిసిల్లలో ఒక అక్క ఉంది, మా పాత గిరాకీ. జాకెట్లు కుడుతుంది. వాళ్లింట్లో అల్మారా మేమిద్దరం కలిసి చేసిందే. ఇప్పుడు బజారులో మేడ మీద గది తీసుకుని దుకాణం పెడుతోంది. బట్టలకు ర్యాకులు, కత్తిరించే బల్ల కావాలంది. పలకలన్నీ కోరుట్లలోనే కోయించి, ట్రాలీ ఆటోలో వేసుకుని వెళ్లాను. గదికి కరెంటు మీటరు ఇంకా రాలేదు. బ్యాటరీ మిషన్ ఉంది, ఫరవాలేదన్నాను. సాయంత్రానికి కుట్టుమిషన్లు వస్తాయి, ఈలోపు ర్యాకులు గోడకెక్కాలి.

"మీ అన్న రాలేదా?" అంది అక్క, నేను పలకలు మోస్తుంటే.

"వేరె పడ్డమక్కా."

"ఎందుకు?"

"రంగులు కలువలె."

ఆమె నవ్వింది. నేను డ్రిల్లు గోడకు ఆనించి నొక్కాను. అది ఒక్కసారి మూలిగి ఆగింది. మళ్లీ నొక్కాను. ఈసారి మూలగనైనా మూలగలేదు. పోయిన వారమే నిండా ఛార్జింగ్ పెట్టి, అడాప్టర్‌కు తగిలించి, సిద్ధంగా సంచిలో పెట్టుకున్న బ్యాటరీ అది. ఛార్జర్ పట్టుకుని కింద చెప్పుల దుకాణంలోకి పరుగెత్తాను. ఎర్ర లైటు కొట్టుకుంది. ముందుదాని లాగే.

పైకి వచ్చేసరికి అక్క నవ్వడం లేదు.

"తమ్మీ, నాలుగింటికి మిషన్లొస్తయి. వాట్ని నెత్తి మీద వెట్టుకోవాల్నా?"

"ఎవర్నన్న అడుగుత అక్కా."

"ఎవర్నో ఎందుకు? మీ అన్న నంబర్ నా దగ్గరున్నది."

వద్దని చెబుదామని నోరు తెరిచాను. చేతిలో చచ్చిన బ్యాటరీ ఉంది. నోరు మూసుకున్నాను. ఆమె మాట్లాడింది. అన్న వీర్నపల్లిలో ఎవరింట్లోనో తలుపుల పని మీద ఉన్నాడట. "వస్తనన్నడు," అంది ఫోన్ పెట్టేసి.

"ఇంకేమన్నడు?"

"వస్తనన్నడు. గంతె."

ఆయన వచ్చేలోపు నేను కొన్ని మాటలు తయారు చేసుకున్నాను. ముందు ఒక జోకు. ఆయన నవ్వకపోతే ఇంకోటి. దానికీ నవ్వకపోతే, షెడ్డు సంగతి నాతో ఎందుకు చెప్పలేదని నేరుగా అడిగేయాలి. జోకు లేకుండా. ఆ చివరిది మనసులో పలికి చూసుకుంటే గొంతు నాది కానట్టే వచ్చింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. అన్న కొంచెం చిక్కాడు. సంచి దించి జిప్పు తీశాడు. పసుపు స్క్రూ మిషన్, దాని కింద నల్ల ముక్క, దాని కింద నీలం బ్యాటరీ. నా డ్రిల్లు పక్కనే పడి ఉంది. నీలం మిషన్, నల్ల ముక్క, పసుపు బ్యాటరీ.

అక్క ఒకసారి ఇటు చూసింది, ఒకసారి అటు చూసింది. "ఇదేందిది, ఒగరిది ఒగరి తాన ఉన్నది?"

నా మొదటి జోకు అక్కడ పడాలి. పడలేదు. అన్న తన అడాప్టర్‌లోంచి నీలం బ్యాటరీ ఊడబీకి, నా నీలం డ్రిల్లులోంచి నల్ల ముక్కను తీసి పక్కన పెట్టి, బ్యాటరీని లోపలికి తోశాడు. టక్కుమని కూర్చుంది. ఊగలేదు. ఆ చప్పుడు విని చాలా కాలమైంది.

"ఏడ?" అన్నాడు.

"ఈడ," అన్నాను గోడ చూపించి.

ఆ తర్వాత మేము మాట్లాడుకున్న మాటలన్నీ చెబుతాను. "పట్టు." "మీదికి." "ఇంకింత." "చాలు." ఆయన కొలిచాడు, నేను పట్టుకున్నాను. చేతులకు ఏమీ తెలియదు, వేరుపడ్డ సంగతి వాటికెవరూ చెప్పలేదు. నేను పలక ఎత్తకముందే ఆయన కిందికి చెయ్యి పెట్టేవాడు. పెన్సిల్ చెవి మీదికి వెళ్లగానే నేను రెండో పలక అందుకునేవాణ్ని. ర్యాకులు ఒకదాని మీద ఒకటి గోడకెక్కాయి, తిన్నగా.

అన్నీ ఆ గదిలోనే ఉన్నాయి. నీలం, పసుపు, వాటి ఛార్జర్లు, వాటి మనుషులు. నా బ్యాటరీలు ఆయనకిచ్చి ఆయనవి నేను తీసుకుంటే మామ చేసిన న్యాయం చాయ్ తాగేలోపు సరైపోయేది. చేతిలో ఉన్నదీ, ఇంట్లో ఉన్నదీ రెండూ చచ్చాయి, నిజమే. కానీ బ్యాటరీలు మంచివా చెడ్డవా అన్నది కాదు సంగతి. అడగాలి. ఒకరు అడగాలి.

అక్కకే ముందు తోచింది. "అండ్ల ఏమున్నది? మార్చుకోరాదుండ్రి?"

అన్న స్క్రూ బిగిస్తున్నాడు. బిగిసిన స్క్రూనే ఇంకా బిగిస్తున్నాడు.

"మా మామను పిలువాలె అక్కా," అన్నాను. "మల్ల చాప పరువాలె."

ఆమె నవ్వింది. అన్న నోటి చివర కొంచెం కదిలినట్టు అనిపించింది. నేను పలక మీంచి తొంగి చూశాను. భుజంతో మూతి మీది చెమట తుడుచుకున్నాడు.

కుట్టుమిషన్లు వచ్చాయి. అక్క బట్టల తాన్లు విప్పి ర్యాకులో ఒక్కొక్కటీ పెట్టి చూసుకుంటోంది. అన్న నా డ్రిల్లులోంచి నీలం బ్యాటరీ బయటికి లాగాడు. తన నల్ల ముక్కను దానికి తగిలించి, ముక్కను పసుపు మిషన్‌కు తగిలించబోయి ఆగాడు. ఆ ఆగడం చూసి, నాకే ఇస్తాడేమో అనుకున్నాను. ఆయన బ్యాటరీ మళ్లీ ఊడదీసి, బ్యాటరీ ఒక అరలో, నల్ల ముక్క ఇంకో అరలో వేసి, జిప్పు లాగాడు.

"చాయ్ తాగుదాం పా అన్నా," అన్నాను. జోకు కాదు.

"వీర్నపల్లిల సామానున్నది."

మెట్ల దగ్గరికి వెళ్లి వెనక్కి తిరిగాడు. నా మొహం వైపు కాదు. నేల మీద నా బ్యాటరీ ఉంది. నేను అలవాటు కొద్దీ దాన్ని మళ్లీ నల్ల ముక్కకు తగిలించి పెట్టాను. ఆయన దాన్ని చూస్తున్నాడు. వాకిట్లో చాప పరిచిన రోజు నుంచి నేను ఎదురుచూస్తున్న మాట ఇప్పుడు రాబోతోందని నాకు అర్థమైంది. పెన్సిల్ చెవి మీద ఉంది.

"పనైనంక బ్యాటరీని అండ్లకెల్లి తీసిపెట్టు," అన్నాడు. "ఊకె ఉన్నా గుంజుతది అది."

కింద బండి స్టార్టయింది. వీర్నపల్లి వైపు పోయింది.

ఆయన చెప్పింది నిజమే. మిషన్ ఆపి ఉన్నా అడాప్టర్ బ్యాటరీలోంచి కొద్దికొద్దిగా ఛార్జింగ్ లాగుతూనే ఉంటుంది. మరీ కిందికి దిగిపోతే ఛార్జర్ ఇక దాన్ని తీసుకోదు. పని అయిపోగానే రెండింటినీ విడదీసి, వేర్వేరుగా పెట్టాలి.